కవర్లు ఎగరకుండా దించిన షట్టర్

ముప్పై ఏడుకు పద్నాలుగు కలపలేక కాటా ముందు ఆగిపోయిన రోజున, నాకేదో అయిందని తెలిసింది. నేను జల్‌పల్లిలో ఒక స్క్రాప్ గోదాములో తూకం లెక్కలు చూస్తాను. లెక్క నాకు నేనే నేర్చుకున్నాను, కాగితం అవసరం పడదు. ఎండాకాలం నుంచే దగ్గు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలేది. దుమ్ము వల్లే అనుకుని సిరప్ తాగుతూ నెట్టుకొచ్చాను.

వానలు మొదలయ్యాక సాజిదా పనిలో చేరింది. బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మనిషి. బార్కస్ అవతల శరణార్థుల క్యాంపులో, ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెలో కూతురితో ఉంటుంది. నా పక్కనే కూర్చుని పాలకవర్లు ఏరేది. కవర్లు ఎగిరిపోతాయని ఆ పని జరిగేటప్పుడు ఫ్యాన్ ఆపి షట్టర్ దించేవాళ్లు. ఇప్పుడు నేను దించనివ్వడం లేదు. అప్పుడు మాత్రం ఆ ఉక్కలో దగ్గుతూనే కూర్చున్నాను. దసరా నాటికి ఆమెకూ దగ్గు మొదలైంది.

కళ్లెలో రక్తం పడ్డాక నాకు స్పూటమ్ టెస్ట్ చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ. ఒక్క డోసు కూడా తప్పొద్దని, పక్కన పనిచేసేవాళ్లను టెస్టుకు పంపమని డాక్టరమ్మ చెప్పారు.

గోదాములో లొల్లి మొదలైంది.

"క్యాంపోళ్లను పెట్టుకోవద్దని చెప్పిన గదా అన్నా. ఆమెనే నీకు అంటించింది" అన్నాడు ట్రాలీ డ్రైవర్ యాదగిరి.

"నా దగ్గు ఎండకాలంది. ఆమె వచ్చింది వానకాలంల. నువ్వే లెక్క చెయ్."

"నీకు లెక్కలు ఎక్కువైనయ్" అని నవ్వాడు.

గోదాము యజమాని సేఠ్ నాకు సెలవిచ్చాడు. ఆమెను మాత్రం రేపటి నుంచి రావద్దన్నాడు. రోగం ఒకటే.

సాజిదా ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లింది. ఆధార్ లేదని కౌంటర్‌లోనే తిప్పి పంపారు. మా ఇంటి గేటు బయట, దూరంగా నిలబడి, "కార్డ్ నై బోలే, భాయ్. వాపస్ భేజ్ దియే" అంది. మరునాడు వెంట వెళ్దామనుకున్నాను. తెల్లారేసరికి నా కళ్లు పచ్చబడ్డాయి. మందులకు లివర్ దెబ్బతింది, మాత్రలు ఆపి అడ్మిట్ చేసుకున్నారు. నేను మళ్లీ నడిచేసరికి ఆమె ఎముకల గూడైంది.

ఈసారి ఇద్దరం లైన్‌లో నిలబడ్డాం. ఈమె నీకేమైతదని కౌంటర్ అతను అడిగాడు. నా రోగమే ఈమెకు వచ్చిందని, ఇక్కడి నుంచి కదలనని చెప్పాను. గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చారు.

"టెస్టుకు కార్డు ఎవరడిగిన్రు?"

కౌంటర్ అతను గబగబా చీటీ రాసిచ్చాడు. అతని మీద కోపం నాకు ఇప్పటికీ దిగలేదు.

ఆమెకూ టీబీయే అని తేలింది. ఆమె ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "లెఫ్ట్ లంగ్ బాగా డ్యామేజ్ అయింది. ముందే రావాల్సింది" అన్నారు.

"ముందే వచ్చింది మేడమ్" అన్నాను.

ఇద్దరి కోర్సూ పూర్తయింది. నాకు పాత బరువు తిరిగొచ్చింది. ఆమె నీళ్ల బిందె ఎత్తితే ఆయాసంతో కూలబడుతుంది. గోదాములో అందరూ ఇప్పుడు పాపం అంటున్నారు. ఆ జాలి ఆమె ఒంటరిగా వెళ్లిన రోజు కౌంటర్ దగ్గర ఒక్కరికి కలిగి ఉంటే ఆ ఊపిరితిత్తి మిగిలేది.

దగ్గు రెండు వారాలు దాటితే టెస్ట్ చేయించుకోండి. టీబీ అని తేలితే, పక్కన పనిచేసే మనిషికి వెళ్లమని చెప్పి ఊరుకోవద్దు. వెంట వెళ్లండి. కౌంటర్‌లో కాదంటే నేరుగా డాక్టర్ గది ముందు నిలబడండి. టెస్టుకు కళ్లె పట్టే డబ్బా ఆ మనిషి చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.