అక్కకి పేలు కావాలంట

మా మనవరాలి బడిలో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. పిల్లలకు అక్క, టీచర్లకు అక్క, ఆమెకంటే ఎంతో పెద్దవాడైన గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ అక్కే. మాట సరిగా తిరగని పిల్లల పక్కన కూర్చుని పలికించడం ఆమె పని. మెట్ల కింద, బంతులూ వలలూ పడేసే గదిలో ఓ మూల ఆమెకిచ్చారు. రెండు బుల్లి కుర్చీలు, గోడకో అద్దం. ఆ అద్దంలో చూపిస్తూ, నాలుక కొన ఎక్కడ ఆనించాలో నేర్పుతుంది.

ఇదివరకు ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు పోతుందో చెప్పేదట. ఆ పని రికార్డు చేసిన గొంతుకు అప్పగించాక ఇటు వచ్చింది. "ఊళ్లన్నీ పిలిచీ పిలిచీ నోరు అరిగిపోయిందమ్మా. అందుకే ఇంత నున్నగా పలుకుతుంది" అంటుంది, తనే ముందు నవ్వేస్తూ.

మా బుడ్డదానికి 'ర' రాదు. 'ల' అంటుంది. కారు కాలయ్యేది, చీర చీలయ్యేది. అక్క దానికి మోటారు సైకిల్ నేర్పింది. నాలుక పైకి ఆనించి, గాలి ఊది, ర్ర్ర్ర్ అనాలి. దాంతో వరండా నిండా పిల్లల బళ్లే. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, "లైసెన్సేదీ?" అనేవాడు. మా దాని బండి మాత్రం ల్ల్ల్ అని తుస్సుమనేది.

అంతలో అక్కను ఇంకో బడికి మార్చారని తెలిసింది. ఇక్కడ శుక్రవారమే ఆఖరు. బండి స్టార్టు కాకుండానే ఆమె వెళ్లిపోతుందని బుడ్డది అన్నం కూడా సరిగా తినలేదు. ఆమెకేదైనా ఇవ్వాలని మా అమ్మాయీ నేనూ కూర్చున్నాం. ఫ్లాస్కు అంది అమ్మాయి. చేతిసంచి అన్నాను నేను. ఎటూ తేలక, "ఏం కావాలో నువ్వే అడిగి రావే" అని బుడ్డదాన్నే పంపాం.

సాయంత్రం చెప్పులైనా విప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, అక్కకి పేలు కావాలంట!"

మా అమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం కావాలీ?"

"పేలు. ఇక్కడ తనకి పేలే లేదంట."

"విన్నావా అమ్మా? దీని తలలో పేలున్నాయని ఆవిడ ఎంత మర్యాదగా చెప్పి పంపిందో! నా పరువు కాస్తా పోయింది."

ఇంక చూడాలి. పేల దువ్వెన వెతికి తెచ్చాం. దాన్ని కూచోబెట్టి తలకింత నూనె పట్టించాం. ఒక్కటంటే ఒక్క పేనూ రాలలేదు.

"పేలు కాదమ్మమ్మా, పేలూ!"

"అవేనే తల్లీ చూస్తున్నది, కదలకు."

"పేలు కాదూ... పేలు!"

"కాదంటావేంటి, అవునంటావేంటి! కుదురుగా కూర్చో."

మొహం కందగడ్డ చేసుకుంది. కళ్లనిండా నీళ్లు. దువ్వెన పక్కకు తోసేసి, పిడికిళ్లు బిగించి అరిచింది.

"పే... ర్ర్ర్ర్రు!"

బండి స్టార్టయింది! మా అమ్మాయి ఆ జిడ్డు తలతో సహా దాన్ని వాటేసుకుంది. "మళ్లీ అనవే, మళ్లీ!" పక్కింటివాళ్లు తొంగిచూసేదాకా ఇల్లంతా పేర్ర్రు, పేర్ర్రు. వాళ్ల తాతుంటే ఆ పూటే లైసెన్సు రాసిచ్చేవాడు.

తీరిగ్గా అడిగితే అసలు సంగతి తేలింది. "నాకేం వద్దే. ఒక్కసారి పేరు పెట్టి పిలువు, చాలు. ఇక్కడ నాకు పేరే లేదు" అందట అక్క. ఆ పేరులో రెండు 'ర'లున్నాయట. అందుకే దాన్ని ఆఖరి పాఠంగా దాచిందట. బుడ్డది ఆ పేరు నా చెవిలో చెబుతూ చెవంతా తడిపేసింది.

మా ఆయన పోయాక నేను దారాల డబ్బా తెరవలేదు. ఆ రాత్రి తెరిస్తే, సగం కుట్టిన ఆయన చేతిరుమాలుకు సూది అలాగే గుచ్చి ఉంది. రుమాలు మడిచి పక్కన పెట్టాను. ఆ సూదితోనే ఓ కొత్త చేతిసంచి మీద అక్క పేరు కుట్టాను. బుడ్డది పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చదువుతూ, 'ర' వచ్చినచోటల్లా బండి తోలింది.

శుక్రవారం బడి వదిలాక అక్క అద్దాన్ని చంకన పెట్టుకుని గేటు వైపు నడుస్తోంది. బుడ్డది మెట్ల మీద నిలబడి పేరు పెట్టి పిలిచింది. రెండు 'ర'లూ గణగణ మోగాయి. అక్క తిరగలేదు. అలవాటు లేదుగా మరి!

"ఎవర్నమ్మా పాప పిలిచేది? ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరే" అన్నాడు వాచ్‌మన్, గేటు దగ్గర సంచితో నిలబడ్డ నాతో.

బుడ్డది ఇంకా గట్టిగా పిలిచింది. అక్క టక్కున ఆగిపోయింది. చంకలో అద్దం జారిపోబోతే వాచ్‌మనే పట్టుకున్నాడు.

"ఆఁ! ఇక్కడే ఉన్నా!" అంది అక్క, బస్టాండంతా వినబడే గొంతుతో. పరుగున వచ్చి దాన్ని ఎత్తుకుంది. "ఇంకోసారి పిలువు" అంది. పిలిపించుకుంది. నేనిచ్చిన సంచి మీది అక్షరాలను వేలితో తడుముతూ మళ్లీ పిలిపించుకుంది.

వాచ్‌మన్ వంగి ఆ పేరు చూసి, "ఇది మీ పేరా అక్కా?" అన్నాడు.

బుడ్డది అక్క చంకలోంచే చెయ్యి అడ్డం పెట్టింది. "అక్క కాదు! పేర్ర్రు పెట్టి పిలవాలి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎన్నేళ్ల అలవాటో, పాపం, ఆయన బండి ఒక పట్టాన స్టార్టు కాలేదు.