గుసగుస మోకాలు వంచిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా హైస్కూలు మొత్తానికీ తెలుసు. క్యాడెట్ల స్టోర్ రూము తాళాలు పదహారేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. బూట్లు, బెల్టులు, టోపీలు, డ్రమ్ములు, ఏదైనా నా చేతి మీదుగానే పోవాలి. బురద బూట్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లకు నా చేత చీవాట్లు తప్పవు. అలాంటి నా దగ్గరికి మా తమ్ముడి కూతురు ఏడో తరగతిలో వచ్చి, "అత్తా, నేనూ క్యాడెట్లలో చేరతా" అని చెవిలో చెప్పింది. నేను పకపకా నవ్వాను. చెవిలో అని ఊరికే అనడం లేదు. ఆ పిల్లకు గొంతు లేదు. హాజరు పలికినా వినపడక టీచరు రాలేదని రాసుకునేది. పిల్లలు దానికి 'గుసగుస' అని పేరు పెట్టారు. ఇంట్లో మేమూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాం, మా బుద్ధి అలాంటిది మరి.

మా తమ్ముడు బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. ఇంజన్ల మధ్య బతికి బతికి ఇంట్లో కూడా అరుస్తూనే మాట్లాడతాడు. మా మరదలు వాడికంటే రెండాకులు ఎక్కువే చదివింది. వాళ్లిద్దరి మధ్య ఆ పిల్ల నోరు విప్పే సందే దొరికేది కాదు.

చేరిన మొదటి ఏడాదే ఒకరోజు డ్రిల్లు మాస్టారు దాన్ని ముందు నిలబెట్టి, పన్నెండు మందిని నడిపించమన్నారు. నడిపించింది. ఆపడానికి 'హాల్ట్' అనాలి. అన్నది కూడా. ఎవరికీ వినపడలేదు. ఆజ్ఞ లేనిదే ఆగకూడదు కాబట్టి పన్నెండు మందీ తిన్నగా వెళ్లి సైకిలు స్టాండులో పడ్డారు. సైకిళ్లన్నీ వరసగా కూలాయి. చూసినవాళ్లందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రం గుసగుస స్టోర్ రూములో బూట్ల అరల వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడిస్తే గొంతొస్తుందటే? రేపట్నుంచి మీ నాన్న గ్యారేజీ వెనక్కెళ్లి అరువు!" అని కసిరాను.

ఏదో నోటికొచ్చింది అన్నాను గానీ, అది నిజంగానే వెళ్లింది. రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే బస్సుల హోరుకు ఎదురుగా నిలబడి కేకలు వేసింది. పదో తరగతిలో మొదటి దళానికి కమాండరయ్యేనాటికి, అది 'అటెన్షన్' అంటే నా కిటికీ అద్దాలు అదిరేవి. ఇక దాన్ని పట్టలేకపోయాం.

ఎండలో చాలాసేపు కదలకుండా నిలబడితే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. అందుకని క్యాడెట్లకు ఒక పద్ధతి ఉంది. ఒంట్లో తేడాగా అనిపిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. ఉన్నచోటే ఒక మోకాలు నేలకు ఆనించి తల వంచుకోవచ్చు. అది తప్పేమీ కాదు, కాకపోతే ఏడాదికోసారి దళాల మధ్య పోటీగా జరిగే తనిఖీ రోజున వంగిన ఒక్కో మోకాలికి రెండు మార్కులు పోతాయి. గుసగుసకు ఆ రెండు మార్కులే ప్రాణమయ్యాయి. "మా దళంలో మోకాలు వంచేవాళ్లు లేరు" అని చెప్పుకుని తిరిగేది. ఎవరైనా వంచితే మర్నాడు వాళ్లను వెనక వరసకు నెట్టేది. అది చూసి నేనూ మురిసిపోయాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, దాచడం దేనికి?

దాని దళంలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. పుల్లలా ఉంటుందని అందరూ పెన్సిల్ అనేవారు. తనిఖీకి మూడు వారాల ముందు, రిహార్సల్లో, ఆ పిల్ల నిలబడ్డది నిలబడ్డట్టే ముందుకు పడిపోయింది. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. గడ్డం సిమెంటుకు తగిలిన చప్పుడు స్టోర్ రూములో ఉన్న నాకు వినపడింది.

ఏడు కుట్లు పడ్డాయి. దవడ ఎముక సన్నగా చిట్లింది. అదే చోట మళ్లీ దెబ్బ తగిలితే తీగలతో కట్టాల్సి వస్తుందనీ, తర్వాత నోరు సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. మేము ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ పిల్ల కట్టు కట్టిన మూతితో నవ్వబోయింది.

"అక్కా, మోకాలు వంచలేదు. చూశావుగా?" అంది మా గుసగుసను చూసి.

మా పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

మర్నాడు దళాన్ని నిలబెట్టి చెప్పింది: "ఎవరికి కళ్లు తిరిగినా మోకాలు వంచండి. ఇది నా ఆజ్ఞ." అందరూ సరేనని ఒక్క గొంతుతో అరిచారు. ఒక్కరూ నమ్మలేదు. ఆ వారమంతా ముఖాలు పాలిపోతున్నా పళ్లు బిగబట్టి నిలబడ్డారే తప్ప ఎవరూ వంగలేదు.

"నా మాట వినట్లేదత్తా" అంది ఒకరోజు బెల్టు అప్పగిస్తూ.

"ఎందుకు వినరూ? ఏడాదంతా నువ్వు చెప్పిందే వింటున్నారు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. డాక్టరు నిలబడవచ్చన్నాడని పెన్సిల్ కూడా వచ్చేసింది. పన్నెండు మంది లేని దళాన్ని పోటీలోకి తీసుకోరు, అదనంగా మరో పిల్ల లేదు. గెలిచిన దళానికి షీల్డు, మేటి కమాండరుకు క్యాడెట్ల పెద్ద శిబిరంలో చోటు. ఆ శిబిరం ఫొటో గుసగుస మంచం పక్కన గోడకు మూడేళ్లుగా ఉంది. ఈ ఏడాది దాటితే మళ్లీ అవకాశం లేదు.

ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చోవచ్చు కదా! మైకు దొరికితే చాలు కొందరికి. దళాలు అటెన్షన్‌లో ఉండగానే ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అతిథి వేదిక మీద ఉన్నంతసేపూ డ్రిల్లు మాస్టారు తప్ప ఇంకెవరూ ఆజ్ఞ ఇవ్వకూడదు. ఆయనేమో అతిథి పక్కన నిలబడి తల ఊపుతున్నారు.

నేను మైదానం అంచున నీళ్ల బిందె దగ్గర ఉన్నాను. పెన్సిల్ రెండో వరసలో మూడో పిల్ల. ముందు దాని పెదాలు తెల్లబడ్డాయి. తర్వాత టోపీ కొంచెం అటూ, కొంచెం ఇటూ కదిలింది. 'వంగవే తల్లీ, వంగు' అని లోలోపల మొత్తుకుంటున్నాను. వంగితేనా! గుసగుస దళానికి మూడడుగుల ముందు, వీపు వాళ్లకు పెట్టి నిలబడి ఉంది. వెనక ఏం జరుగుతోందో దానికి కనపడదు. తల తిప్పకూడదు. కళ్లు మాత్రం ఒక్కసారి పక్కకు తిప్పి నా వైపు చూసింది.

నేను నా గడ్డం మీద వేలు పెట్టి చూపించాను.

దానికి అర్థమైంది. వేదిక వైపు చూసింది. అతిథి ఇంకో కాగితం తిప్పాడు. మాస్టారు ఇటు చూడటం లేదు. పెన్సిల్ మడమలు లేస్తున్నాయి. నేను బిందె వదిలేసి పరుగు తీయబోయాను, కానీ అంత దూరం అందుకోలేనని నాకు తెలుసు.

అప్పుడు గుసగుస, దళానికి కమాండరు, అందరికంటే ముందు నిలబడ్డ పిల్ల, కుడి మోకాలు నేలకు ఆనించి తల వంచింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత వెనక ఒక మోకాలు నేలను తాకింది. ఇంకొకటి. మరో రెండు. పెన్సిల్ కమాండరు వీపు వైపే చూస్తూ, మెల్లగా, మోకాలు వంచి కిందికి దిగింది. రెండు చేతులూ నేల మీద ఆనించి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు గానీ నేను పీల్చుకోలేదు. అతిథి మాట మధ్యలో ఆపి, "ఏమైందండీ?" అన్నాడు. మాస్టారు కంగారుగా 'స్టాండ్ ఎట్ ఈజ్' అని అరిచారు.

ఎనిమిది మోకాళ్లు, పదహారు మార్కులు. మొదటి దళం ఆఖరున వచ్చింది. శిబిరానికి మూడో దళం కమాండరు వెళ్లాడు.

సాయంత్రం మాస్టారు స్టోర్ రూముకు వచ్చారు. గుసగుస బెల్టు విప్పుతోంది.

"నీకూ కళ్లు తిరిగాయా?"

"లేదు సార్."

"మరి?"

"నేను వంచకపోతే వాళ్లు వంచరు సార్. నేనే అలా నేర్పాను."

"శిబిరం విషయంలో నేను చేయగలిగిందేం లేదమ్మా" అన్నారు మాస్టారు.

"తెలుసు సార్."

ఆయన వెళ్లాక అది బూట్ల అరల వెనక్కి వెళ్లి, మూడేళ్ల కిందట కూర్చున్నచోటే కూర్చుంది. నేను కూడా మోకాళ్ల నొప్పులు తిట్టుకుంటూ పక్కన చతికిలబడ్డాను.

"నాకు వెళ్లాలనుందత్తా" అంది. ఆ రోజంతా ఉన్న గొంతు ఏమైపోయిందో, నా చెవికి మాత్రమే వినపడింది.

"తెలుసే" అన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

కిటికీ అవతల పిల్లలు నీళ్లు చల్లుకుంటున్నారు. వాళ్లలో పెన్సిల్ ఎందుకో గట్టిగా, నోరారా నవ్వింది. గుసగుస ఏడుపు ఆపి చెవులు రిక్కించింది.

"దవడ నొప్పి లేనట్టుంది అత్తా" అంది.