తుమ్మ కషాయంలో ఉడికిన దొర దారం

మా పెరట్లో బట్టలు ఆరేసుకునే తాడుని మార్చేద్దామని కోడలు ఏడాదికోసారి అంటుంది. తెగని తాడుని మార్చడమేమిటని నేను ఒప్పుకోను. అది మొదట తాడు కాదు, ఒక వల అంచు. ఆ దారం ఏ దేశంలో పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అరవైల చివర్లో భావనపాడు పక్కనున్న మా ఊరి మీద తుఫాను పడింది. అప్పటికి నేను పెళ్ళికెదిగిన పిల్లని. మూడో తరగతితో బడి మానేశాను. నాన్న అంతకుముందే పోయాడు, ఇంట్లో అమ్మా నేనూ. మాకు తెప్ప లేదు, దాన్ని నడిపే మగవాడూ లేడు. ఉన్నదల్లా నాన్న అల్లిన నూలు వల. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, దాన్ని తన తెప్ప మీద వేటకి తీసుకెళ్ళేవాడు. ఒడ్డుకి వచ్చాక చేపల్ని ఇసుక మీద కుప్పలు పోస్తారు. వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక కుప్ప, తెప్పకి ఒక కుప్ప, వలకి ఒక కుప్ప. వల కుప్ప మాది. అందులో కొంత అమ్మి, కొంత ఎండబెట్టి అమ్మ ఇల్లు గడిపేది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

తుఫాను ఇంటి కప్పుతో పాటు వలనీ పట్టుకుపోయింది. తాటాకు కొట్టుకొచ్చి కప్పు మళ్ళీ వేసుకున్నాం. వల వేసుకోలేం కదా. అమ్మ వల తగిలించే కొక్కెం ఉత్తగా ఉంటే దాన్నే చూస్తూ కూర్చునేది.

ముందు లారీలో గోధుమ నూక వచ్చింది, పాలపొడి వచ్చింది. తిన్నాం. తినలేదని ఎందుకు అబద్ధమాడాలి? ఖాళీ గోనెలు కూడా అమ్మ ఉతికి మడతపెట్టింది. తర్వాత ఒక తెల్లదొర నైలాన్ దారం ఉండలు తెచ్చాడు. తెల్లగా, చేప పొట్టలా మెరిసేవి. వేటకెళ్ళేవాళ్ళకే ఇస్తామని అతనితో వచ్చిన పట్నం మనిషి చెప్పాడు. దొంగలు దూరకుండా అతను అరచేతులు చూసేవాడు. తెడ్డు వేసిన కాయలుంటే దారం, లేకపోతే లేదు.

అమ్మ కూడా వరసలో నిలబడి చేతులు చాపింది.

"ఇవి తెడ్డు కాయలు కాదమ్మా," అన్నాడతను.

"కదురు తిప్పిన కాయలు బాబూ. వల అల్లే సూది కాయలు. నాను ఎల్లకపోతే ఏటి, నా వల ఎల్తాది సముద్రంలోకి."

అతను దొరకి ఏదో చెప్పాడు. దొర జాలిగా తలూపి అమ్మకి ఇంకో డబ్బా పాలపొడి ఇప్పించాడు. అమ్మ దాన్ని తీసుకుంది, ఊరికే వచ్చినదాన్ని వద్దనే మనిషి కాదు. ఇంటికొచ్చాక మాత్రం, "తినీడానికి ఇత్తన్నారు గానీ, బతకడానికి ఇయ్యరేటే?" అంది.

ఆ రోజు నాకూ భయం తెలిసింది. మగవాళ్ళందరికీ సొంత వలలొస్తే విధవ వల ఎవడిక్కావాలి? సాయం చేసే చేతులు మంచివే. కానీ ఏం పోయిందని ఒక్క మాట అడిగి ఉంటే, ఇసుక మీద ఒక కుప్ప పోయిందని అమ్మ చెప్పేది.

మగవాళ్ళు దారం తెచ్చుకుని వలలు అల్లారు. సముద్రంలో వేసి లాగితే ముడులు జారిపోయాయి. వలలో ఒక కన్నులో చెయ్యి దూరుతుంది, పక్క కన్నులో వేలు దూరదు. మావ ఒడ్డున కూలబడి, "ఒలమ్మో, దొర దారం నూని రాసుకొచ్చినాది! సేపలు నవ్వుకుంటా ఎలిపోతన్నాయి," అన్నాడు. కొందరు దానితో మేకలు కట్టేశారు.

అమ్మ కదురు దించి ఇంటింటికీ వెళ్ళింది. "ఉండ నూలిత్తాను, మిగిలిన ఆ పనికిరాని ఉండ నాకియ్యి," అని అడిగింది. మాకు మిగిలిన పత్తంతా వడికి నేను వేళ్ళు కోసుకున్నాను. అమ్మ దీపం ఖర్చు లేకుండా పగలే అల్లేది. వల పూర్తయ్యాక కుండ పొయ్యెక్కించి తుమ్మ బెరడు మరగబెట్టింది. నూలు వల కుళ్ళకుండా మేమంతా చేసే పనే అది. నైలాన్ కుళ్ళదని పట్నం మనిషి చెప్పాడు కూడా.

మావ వచ్చి చూసి విరగబడి నవ్వాడు. "ఏటే అక్కా, దొర దారానికి కషాయం తాగిత్తన్నావు! జొరం గానీ వచ్చిందేటి?"

"వలంటే ఉడకాల్రా. పచ్చి వల నా ఇంట్లో ఉండదు. నవ్వింది సాలు గానీ, ఆ కట్టె ఇలా తొయ్యి."

రంగు సరిగ్గా పట్టలేదు, పలచటి టీ నీళ్ళలా వచ్చింది. వల కూడా కొంచెం ముడుచుకుంది. అమ్మ మొహం మాడింది. ఆరాక మావ వేళాకోళానికి ఒక ముడిని గోటితో లాగాడు. కదల్లేదు. పంటితో లాగాడు. అప్పుడు నవ్వు ఆపేశాడు. మరిగే నీళ్ళలో ముడులు బిగుసుకుపోయాయి. అమ్మకి ఆ సంగతి ముందే తెలుసునని తర్వాత ఊళ్ళో అన్నారు. తెలియదు. అలవాటు మానలేక చేసింది, అంతే.

మర్నాడు మావ ఆ వల పట్టుకెళ్ళాడు. తెప్ప తిరిగొచ్చేసరికి ఒడ్డున మేమిద్దరం ఉన్నాం. మనుషులకి కుప్పలు పోశాడు, తెప్పకి పోశాడు. వల కుప్ప పోయకుండా ఆగాడు.

"అక్కా, నా వలా ఉడకబెట్టీ. ఆనక నా వలే నాకు సాలు కదా..."

"ఉడకబెడతాను. బెరడు నువ్వే తెచ్చుకో, కట్టెలూ నీవే. నీ వలకి నా వల కలిపి కడితే పొడుగవుతాది. ఎక్కువ సేపలొత్తాయా, నేదా?"

మావ వలకేసి చూశాడు, తెప్పతో వెళ్ళిన వాళ్ళకేసి చూశాడు. వాళ్ళు నవ్వుతున్నారు.

"వత్తాయిలే," అని గొణిగి, వంగి రెండు చేతులతో చేపలు తీసి, వల పక్కన కుప్ప పోశాడు.

అమ్మ ఆ కుప్పని చూసి, తక్కువగా ఉందన్నట్టు ఇంకొంచెంసేపు నిలబడింది. మావ ఇంకో దోసెడు వేశాడు. అప్పుడు నావైపు తిరిగి, "సూత్తన్నావేటే, గంప పట్రా," అంది.