వాయించడం ఆపినప్పుడు వినిపించింది

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని ఏడిపించడంలో మా కంపెనీలో నన్ను మించినవాడు లేడు. నేను సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ని. సబ్‌స్టేషన్ దగ్గర ఎవరో మూలుగుతున్నారని ఒక వాచ్‌మన్ భయపడి సెలవు పెట్టి వెళ్ళిపోతే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వదులైన బోల్టు బిగించి ఆ మూలుగు ఆపింది నేనే. ఆయన తిరిగి వచ్చాక చాలా రోజులు ఆయన్ని వదిలిపెట్టలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకెవరైనా చెప్పి ఉంటే వాళ్ళకీ అదే గతి పట్టించేవాణ్ణి.

మా వాళ్ళది సిరిసిల్ల వైపు. తాత మగ్గాల పని కోసం సూరత్ వచ్చాడు. నాన్న పవర్‌లూమ్‌ల మధ్యే ముసలివాడయ్యాడు. నేను ఇక్కడే పుట్టాను. చిన్నప్పుడు మేమున్న గది కింద మగ్గాలు నడిచేవి. నేల ఎప్పుడూ అదురుతూ ఉండేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే నాకు మెలకువ వచ్చేసేదట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ అలవాటో ఏమో, పాటలో అందరూ గొంతు వింటే నేను అడుగున ఉన్న మోత వింటాను. శనివారం భజనలో మా వాళ్ళు పాడుతుంటే డోలక్ వాయించే ఆయనకి ఎడమ పక్కన, లావు మోత వచ్చే వైపు, చోటు పట్టుకునేవాణ్ణి. బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్ళ చప్పట్ల కన్నా అందరి అడుగులూ ఒక్కసారి నేల మీద పడే చప్పుడు నాకిష్టం. నవరాత్రుల్లో గర్బా ఆడే మైదానంలో నా ఈడు వాళ్ళంతా అమ్మాయిల చుట్టూ తిరుగుతుంటే నేను పెద్ద స్పీకర్ల పక్కన ఛాతీ ఆనించి నిలబడేవాణ్ణి. నాకు కావలసిన వాద్యానికి ఒక పేరుందని, దాన్ని బేస్ గిటార్ అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది.

దానికి నాలుగు లావుపాటి తీగలు. మోగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాట బోసిపోయిందని అందరూ తల తిప్పి చూస్తారు. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి కొని, కంపెనీ బస్సులో ఫోన్‌లో వీడియోలు చూస్తూ, బ్యాగు మీద వేళ్ళు ఆడిస్తూ నేర్చుకున్నాను. గొప్పగా వాయించలేను. నాకు ఓపిక తక్కువ. కూర్చున్నచోట కాలు ఊపుతూనే ఉంటాను, దానికి ఇంట్లో తిట్లు తింటూనే ఉంటాను. అయినా జిగ్నేశ్ అని కీబోర్డు వాయించే స్నేహితుడు నవరాత్రి వస్తే తన గర్బా బృందంలోకి నన్ను పిలిచేవాడు. ఏడాదంతా ఆ రోజుల కోసమే చూసేవాణ్ణి.

మేం అమ్రోలిలో అద్దెకుంటాం. గోడలు పల్చన. స్పీకరు పెట్టి వాయిస్తే ఇల్లు ఖాళీ చేయమని ఇంటాయన ముందే చెప్పాడు. అందుకని గిటార్ మెడ చివరని మంచం తలవైపు చెక్కకు ఆనించి వాయించేవాణ్ణి. అలా ఆనిస్తే స్పీకరు లేకపోయినా చెక్కంతా మోగుతుంది. గది బయటికి మాత్రం వినపడదు. బేస్ వాయించే చాలామందికి ఈ కిటుకు తెలుసు.

నా భార్య స్వరూప కడుపుతో ఉన్నప్పుడు సాయంత్రాలు ఆ మంచం మీద పడుకుని ఉండేది. ఆమె సిరిసిల్లలో పుట్టి పెరిగింది, పెళ్ళయ్యాక సూరత్ వచ్చింది. నా వాయింపు వీపుకి తెలుస్తుందని, నడుం నొప్పికి హాయిగా ఉందని అనేది. ఆరో నెల దాటాక ఒక రోజు నేను తీగ వదిలి నీళ్ళు తాగడానికి లేచాను.

"ఆపకుండ్రి. మీరు ఆపంగనే తంతది లోపల" అంది.

నమ్మలేదు. వాయించాను, ఆపాను. నిజమే. వాయిస్తున్నంతసేపూ కడుపులో బిడ్డ కదలదు. ఆపిన కాసేపటికే తన్నేది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. స్వరూప నా మణికట్టు మీద వేలితో కొట్టి చూపించేది. చేయి పెట్టి చూస్తే నాకూ తెలిసేది. ఇక రోజూ డ్యూటీ నుంచి రాగానే మాకు అదే ఆట. రెండు చిన్నవి, ఒక పెద్దది అన్న ఆ దెబ్బనే తిప్పి తిప్పి ఒక చిన్న వరస కట్టుకుని వాయించేవాణ్ణి. నాన్న గుమ్మంలోంచి తొంగిచూసి "ఏందిరా గీ డుబ్ డుబ్, పసిపొల్లను పండనియ్యవా" అని నవ్వేవాడు.

మా వాళ్ళలో మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. బేసి నెలలో వచ్చి తీసుకుపోతారు. ఏడో నెలలో మా అత్తమ్మకి జ్వరం వచ్చి రాలేకపోయింది. ఎనిమిదో నెల సరి నెల, పనికిరాదు. అందుకని తొమ్మిదో నెల రాగానే వచ్చింది. డాక్టరమ్మ చూసి అంతా బాగుంది, వెళ్ళచ్చు అంది. ఆదివారం మధ్యాహ్నం రైలు. ఎక్కితే మర్నాటిదాకా దిగేది లేదు.

ఆ ఆదివారం పొద్దున నాకు గర్బా రిహార్సల్ ఉంది. తొందరగా వచ్చేస్తానని చెప్పి, తాపీ నది అవతల కతార్‌గామ్‌లో పెళ్ళిళ్ళ హాలుకి గిటార్ వేసుకుని వెళ్ళాను. స్వరూప బట్టలు సర్దుకుంటోంది. ఆమె వెళ్ళిపోతుందన్న దిగులుతో ఆ రోజు నాకు అసలే ఒకచోట నిలవబుద్ధి కాలేదు.

చాలాసేపు ఆపకుండా వాయించాం. తర్వాత పాడే హేతల్‌బెన్‌కి మైకు నచ్చలేదు. సౌండ్ అబ్బాయితో గొడవ పెట్టుకుంది. అందరం ఆపేశాం. గిటార్‌ని కుర్చీ మీద వెల్లకిలా పెట్టి చాయ్ గ్లాసు తీసుకున్నాను. స్పీకరు ఆన్‌లోనే ఉంది.

అందులోంచి వినిపించింది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది.

జిగ్నేశ్ నావైపు తిరక్కుండానే "అరె యార్, తార్ ఛోడ్ దే" అన్నాడు, తీగ వదిలెయ్యమని. నేను పట్టుకోలేదు. గిటార్‌కి చేయి అందనంత దూరంలో నిలబడి ఉన్నాను. మళ్ళీ వచ్చింది. ఈసారి అతను తిరిగి చూశాడు. హేతల్‌బెన్ గొడవ ఆపి చూసింది. ధోల్ వాయించే మనోజ్‌భాయ్ కూడా చూశాడు.

నా బుర్రకి మొదట తట్టింది ఎర్త్ ప్రాబ్లమ్. వైరు కదిపి చూశాను. వైరు పీకేశాను. స్పీకరు మూగబోయింది. అప్పుడు అన్నిటికన్నా లావు తీగ మీద అరచేయి పెట్టాను. అది అరచేతి కింద కొట్టుకుంటోంది. ఎవరో కింది నుంచి వేలితో పొడిచినట్టు తెలుస్తోంది. అదే వరస. కాకపోతే ప్రతిసారీ ముందుకన్నా మెల్లగా, ముందుకన్నా ఆలస్యంగా. పెద్ద దెబ్బ కూడా చిన్నదైపోయింది. తర్వాత లేదు.

అది మోగుతున్నప్పుడు నాకు భయం వేయలేదు. ఆగిపోయినప్పుడు వేసింది. ఎవరికీ చెప్పకుండా గిటార్ భుజాన వేసుకుని బండి ఎక్కాను. వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని హారన్ కొడుతూ అందరితో తిట్లు తిన్నాను.

ఇంట్లో సంచులన్నీ గుమ్మంలో ఉన్నాయి. స్వరూప జడ వేసుకుంటోంది. బిడ్డ కదిలిందా అని అడిగాను. ఆమె ఆలోచించి, పొద్దుట్నుంచి పనిలో పడి చూసుకోలేదంది. నేను ఆస్పత్రికి పోదాం అన్నాను.

మా అత్తమ్మకి కోపం వచ్చింది. "నెలలు నిండుతుంటె కదలిక తగ్గుతది అల్లుడా. మేం కనలేదా పిల్లల్ని? రైలు టైమైతుంటె గిదేం ముచ్చట?"

ఏమని చెప్పను? హాల్లో కుర్చీ మీద గిటార్ దానంతటది మోగిందని చెప్పాలా? నా గొంతు నాకే పిచ్చివాడి గొంతులా ఉంది. నాన్న కూడా "ఇడ్సిపెట్టి ఉండలేక చేస్తున్నవురా" అన్నాడు. అందులో అబద్ధం లేదు. స్వరూపని మాత్రం ఒక్కసారి మంచం మీద పడుకోమన్నాను.

ఆమె నా మొహం చూసి జడ సగంలో వదిలేసింది. పడుకుంది. గిటార్ మెడ చెక్కకు ఆనించి రోజూ వాయించే వరస వాయించాను. తప్పులు పడుతున్నాయి. కాసేపు వాయించి ఆపాను.

ఏమీ లేదు. మళ్ళీ వాయించాను, ఆపాను. స్వరూప కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. చేయి పొట్ట మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. మూడోసారి వాయిస్తుంటే స్వరూప లేచి కూర్చుంది.

"దవాఖానకు పోదాం పాండ్రి" అంది. అప్పటికే ఏడుస్తోంది.

ఆస్పత్రిలో పొట్టకి పట్టీ కట్టి మెషీన్ పెట్టారు. బిడ్డ గుండె చప్పుడు బయటికి వినపడుతోంది. దడదడా నడుస్తూ ఉన్నట్టుండి నెమ్మదిస్తోంది, మళ్ళీ లేస్తోంది. డాక్టరమ్మ కాసేపు కూడా ఆలోచించలేదు. సంతకం పెట్టించుకుని లోపలికి తీసుకుపోయింది. వాళ్ళు ఎక్కవలసిన రైలు సూరత్ స్టేషన్ దాటిపోయే వేళకి ఆపరేషన్ జరుగుతోంది. అత్తమ్మ బెంచీ మీద నా పక్కన కూర్చుని నా చేయి పట్టుకుంది. అల్లుణ్ణి ముట్టుకోవడానికి సంకోచపడే మనిషి ఆమె.

"రైల్ల ఉంటె ఏమైతుండె బిడ్డా" అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట.

ఆడపిల్ల పుట్టింది. మెడకి పేగు చుట్టుకుని ఉందన్నారు. కొన్నాళ్ళు గాజు పెట్టెలో ఉంచి ఇచ్చారు. ఇప్పుడు నడుస్తోంది, చేతికందినవన్నీ విసిరేస్తోంది. మాకంతకన్నా ఏం కావాలి? అక్కడితో నేను ఊరుకోవలసింది.

ఊరుకోలేకపోయాను. బిడ్డ ఎప్పటి నుంచి కదలడం తగ్గించి ఉంటుందని డాక్టరమ్మని అడిగాను. బహుశా రాత్రి నుంచే, పొద్దునకి తన్నే ఓపిక ఉండి ఉండదు అంది. మరి రిహార్సల్‌లో నా అరచేతి కింద కొట్టుకున్నది ఏమిటి?

తర్వాత అదే హాలుకి వెళ్ళాను. అదే కుర్చీ, అదే స్పీకరు, అదే గిటార్. జనరేటర్ వేయించాను. పక్కగదిలో మనోజ్‌భాయ్‌తో ధోల్ కొట్టించాను. బయట లారీలు పోయేదాకా కాచుకున్నాను. తీగ సన్నగా వణికింది తప్ప ఆ వరస ఒక్కసారి కూడా రాలేదు. జిగ్నేశ్ ఇప్పుడు నేనే కాలితో కుర్చీని తన్ని ఉంటానంటాడు. వైరు పీకాక నేను తీగ మీద చేయి పెట్టి ఎంతసేపు నిలబడ్డానో అతనూ చూశాడు. ఆ సంగతి గుర్తుచేస్తే మాట మారుస్తాడు. హేతల్‌బెన్ మాత్రం ఆ గిటార్ పక్కన నిలబడనని చెప్పేసింది.

అత్తమ్మ దేవుడంటుంది. స్వరూపకి ఏ అనుమానమూ లేదు. "పాప పిలిచింది, మీరు విన్నరు" అంటుంది, అక్కడికి తేలిపోయినట్టు. నాకు తేలడం లేదు.

జిగ్నేశ్ రిహార్సల్స్ అన్నీ ఫోన్‌లో రికార్డు చేస్తాడు. ఆ రోజుది అడిగి తీసుకున్నాను. ఫోన్ మైకు అంత అడుగు మోతని పట్టదని నాకు తెలుసు. అయినా బస్సులో, భోజనాల వేళ, చెవులు నొప్పి పుట్టేదాకా విన్నాను. మేం ఆపిన తర్వాతది కాదు నేను వినేది. ఆపడానికి ముందుది. ధోల్, కీబోర్డు, పాట, వాటి అడుగున నేను వాయిస్తున్నది. కొన్నిచోట్ల నావి కాని దెబ్బలు ఉన్నట్టే ఉంటాయి. ఇంకోసారి వింటే ఉండవు.

ఆ రోజు మేం ఆపింది మైకు గొడవ వల్ల. హేతల్‌బెన్ సర్దుకుపోయే మనిషయి ఉంటే ఆపేవాళ్ళం కాదు. ఇంకో పాట ఎత్తుకునేవాళ్ళం. నేను చెమటలు కక్కుకుంటూ, ఆనందంగా, ఇంకా గట్టిగా వాయించేవాణ్ణి. ఆ పాట అయ్యేసరికి అంతా అయిపోయేది.

అప్పటి నుంచి నాకు ఒక పాట పూర్తిగా వాయించడం చేతకావడం లేదు. మధ్యలో చేయి తీసేస్తాను. తీగ మీద అరచేయి పెట్టి చూస్తాను. అందరూ తల తిప్పి నావైపు చూస్తారు. పోయిన నవరాత్రికి జిగ్నేశ్ వేరే అబ్బాయిని పెట్టుకున్నాడు, నేను తప్పు పట్టలేదు. ఇంట్లో కూడా మిక్సీ తిరుగుతుంటే వెళ్ళి కట్టేస్తాను, పాప ఆడుకుంటున్న గదిలో ఫ్యాన్ ఆపేస్తాను. స్వరూప విసుక్కుంటుంది.

ఎవరు పిలిచారో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు కూడా లేదు. నన్ను నిలవనివ్వనిది అది కాదు. మేం ఆపినప్పుడు నాకు వినిపించింది. మొదలైంది అప్పుడే కాకపోవచ్చు.