పురుగంటే పురుగే అనుకున్నాను

మాది కడపలో బియ్యం అంగడి. పురుగంటే నాకు బస్తాలో పాకే పురుగే. ఆ తెలివితోనే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కర్నూలులో ఒక ఆస్పత్రి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

రెండు జిల్లాల ఆస్పత్రుల కేసు షీట్లలో పేర్లు తీసేసి, నంబర్లు వేసి, అన్నీ ఒకేచోట ఎక్కించడం నా పని. పరిశోధన చేసే డాక్టరమ్మకు వాటిలోంచి ఒక్క సంగతి తేలాలి. పాము కాట్లు ఏ వైపు నుంచి ఎక్కువ వస్తున్నాయి, విషానికి విరుగుడు మందు ఏ చిన్న ఆస్పత్రిలో ముందే పెట్టించాలి? సోమవారం జాబితా పై అధికారులకు పోవాలి. నాకేమో వేగం ఎక్కువ, పొగరు ఇంకా ఎక్కువ. షీటులో మొదటి వరుస చూసి టకటకా కొట్టేసేదాన్ని.

శుక్రవారం డాక్టరమ్మ జాబితా చూసి, "ఏమ్మా, ఆత్మకూరు పక్కంతా అడివే కదా. ఒక్క పామూ కరవలేదా?" అన్నారు.

"షీట్లో ఉండేదే ఎక్కించినా మేడం" అన్నాను, కాస్త గట్టిగానే. నా పనిలో తప్పు పట్టడమా!

ఆమె కోప్పడలేదు. నన్ను పక్కకు జరగమని, జబ్బు పక్కన ఇచ్చిన మందు పెట్టి వెతికారు. నేను పురుగు కాటు అని ఎక్కించినవాళ్లు బోలెడుమంది. వాళ్లకిచ్చిందేమో పాము విషానికి విరుగుడు. "చీమ కుడితే ఈ మందు ఎవరిస్తారమ్మా?" అని నవ్వారు. ఆ కాగితాలు విడివిడిగా బీరువాల్లో పడి ఉంటే ఈ సంగతి ఎవరికి తెలిసేది? ఆమె తెలివికి అక్కడే దండం పెట్టాలనిపించింది.

ఫైళ్లు అందించే ఆయమ్మది ఆత్మకూరు పక్క పల్లె. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏం మా, నీకు తెలీదా? దాని పేరెత్తుతామా? ఎత్తితే మల్లా వస్తాది. పురుగు ముట్టిందంటాం."

పప్పులో కాలేయడమంటే అదే. తల కొట్టేసినట్టయింది.

మందు పడినవాళ్లందరినీ పాము కాటులోకి మార్చేశాం. అమ్మయ్య అనుకున్నాను. ఆయమ్మ మాత్రం కదల్లేదు. "మా తమ్ముడు వచ్చినాడా మా, అందులో? పోయిన వానల్లో ముట్టింది."

ఊరు, వయసు, నెల పెట్టి చూశాను. పాము కాటు జాబితాలో లేడు.

"ఈడికి తెచ్చేసరికే పోయినాడు. ఇంక మందు యాడ ఏస్తారు?" అంది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచారు. దారిలోనే పోయినవాళ్లకు మందు పడలేదు, అందుకే మా వెతుకులాటకు దొరకలేదు. ఆత్మకూరులో మందు ఉండాల్సింది వాళ్లకోసమే. "తప్పు నాదేనమ్మా" అన్నారు ఆయమ్మతో. అంత చదివిన మనిషి అలా అనడం నేను అంతకుముందు వినలేదు. శని, ఆదివారాలు ముగ్గురం నేలమీద కూర్చున్నాం. ఆయమ్మ కట్టలు విప్పేది, మేమిద్దరం పురుగు అన్న ప్రతి షీటూ, విషం ఎక్కిన గుర్తులకోసం, చివరి వరుస దాకా చదివేవాళ్లం.

తమ్ముడి షీటు ఆదివారం దొరికింది. పురుగు తీసేసి, "పాము" అని పైకి అంటూ కొట్టబోయాను. ఆయమ్మ చప్పున నా నోరు మూసింది. "రాసుకో తల్లీ. నోటితో అనొద్దు."

మళ్లీ వానలు రాకముందే ఆత్మకూరుకు మందు వచ్చింది. నేను పరుగెత్తి పోయి ఆయమ్మకు చెప్పాను. చేతిలో కట్ట కింద పెట్టి, "పురుగు ముట్టినా ఇంక కర్నూలు దాకా రావాల్సిన పన్లేదు" అంది. మళ్లీ కట్ట అందుకుంటూ, "మావాడే తొందరపడినాడు మా" అంది.