బన్ను, బిస్కెట్లు, ఆరు వచనాలు

మా మనవరాలు ఈ మధ్య రోజంతా చిప్స్ ప్యాకెట్లు నములుతూనే "ఆకలేస్తోంది నానమ్మా" అంటోంది. చదివింది అరగంటకే మరిచిపోతోంది. కసురుకోబోయి ప్రతిసారీ ఊరుకుంటాను. ఆ మతిమరుపు నాకు బాగా తెలుసు.

పోలీసు చర్య జరిగిన ఏడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ పురిటికని పుట్టిల్లు బెజవాడ వెళ్తూ, మెట్టుగూడలో నన్ను బాబాయికి అప్పగించింది. నాన్న ఆమెకు తోడు వెళ్లాడు. సండే స్కూల్లో అప్పజెప్పాల్సిన ఆరు బైబిలు వచనాలు చూపించి, "ఇవి నేర్చుకునేసరికి వచ్చేస్తాలే" అంది. తల్లులు ఊరికే అనే మాటే అది. నేను మాత్రం షరతనుకున్నాను. నాలుగు రోజులకే రైళ్లు ఆగాయి, ఉత్తరాలూ ఆగాయి.

బాబాయి రైల్వేలో గుమాస్తా, బ్రహ్మచారి. వంటలో ఆయనకు చేతనైంది పొయ్యి వెలిగించడం ఒక్కటే. పొద్దున చాయ్‌లో బన్ను, మధ్యాహ్నం బిస్కెట్లు, సాయంత్రం హోటలు మిర్చి బజ్జీలు. మొదట్లో పండగలా ఉండేది. రానురాను కడుపు నిండిందో లేదో తెలియకుండా పోయింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగేది కాదు. మూడో వచనం నోటికొచ్చేసరికి మొదటిది జారిపోయేది. బాబాయి ఆఫీసుకెళ్లాక ఆ గదిలో ఒక్కదాన్నే కూచుని ఏడ్చేదాన్ని. నా మొద్దుతనం వల్లే అమ్మ రావడం లేదని ఎవరితో చెప్పుకోను?

ఆ ఏడుపు పక్కింటి ముస్లిం ఆవిడకు, మేమంతా ఖాలా అని పిలిచే ఆమెకు వినబడింది. నిజాం ఓడిపోయిన ఆ రోజుల్లో వాళ్ల తలుపులు పగలు కూడా మూసే ఉండేవి. ఆమె భయం ఆమెది. అయినా గడియ తీసి వచ్చి, వేడి జొన్నరొట్టె, పప్పు నా ముందు పెట్టింది.

"గీ తీపి చాయ్ మీద బతికితే ఆకలి సుత తెల్వది, సదువు సుత నిలవది బిడ్డా. జెర కూసొని తిను."

రోజూ తెచ్చేది. నెల తిరిగేసరికి ఆరు వచనాలూ తడబడకుండా ఆమెకే అప్పజెప్పాను. అర్థం కాకపోయినా కదలకుండా వింది. చెప్పడమవగానే వాకిట్లోకి పరిగెత్తి నిలబడ్డాను.

అమ్మ రాలేదు. రైళ్లు మొదలయ్యాక నాన్న ఒక్కడే వచ్చాడు. బిడ్డా దక్కలేదు. ఇంకాస్త ముందు నేర్చుకుని ఉంటే అనుకుంటూనే పెరిగాను. అమ్మ ఎప్పుడు పోయిందని ఇరవయ్యో ఏట ధైర్యం చేసి నాన్నను అడిగాను. బెజవాడ చేరిన వారానికే పోయిందట. అప్పటికి నేనింకా మొదటి వచనమే మొదలుపెట్టలేదు.

అది నా తప్పు కాదని తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. నమ్మడానికి ఇంకా పడుతూనే ఉంది.