పాడెసుడి ఉన్న ఏడు మేతల గొడ్డు

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చే మొగుడు ఏం తెస్తాడు? మా మెట్‌పల్లి చుట్టుపక్కల ఏ ఆడమనిషిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పూల దుప్పటి, సెంటు సీసాలు, బాదంపప్పు, మోకాళ్ళ నొప్పుల మందు. మా ఆయన ముక్కల కట్టలు రెండు తెచ్చాడు.

"పేకాట నేర్చుకొని వచ్చినవా?" అన్నాను.

"పేకముక్కలు గావే, జర చూడు" అన్నాడు.

చూశాను. రాజు లేడు, రాణి లేదు. ఒక్కో ముక్క మీద ఒక్కో వింత జీవి. రెక్కల కప్ప, మూడు తలల కుక్క, నిప్పు కక్కే కోడిపుంజు. కింద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలు. అక్కడ ఆయన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అతను ఈ ఆట నేర్పాడట. నేను సంచి అడుగు దాకా వెతికాను. దుప్పటి లేదు. ఆ కోపంతో కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. కానీ మాట్లాడకుండా ఎదురుగా కూర్చోవాలన్నా చేతిలో ఏదో ఒక పని ఉండాలి కదా, అట్లా ఆట నేర్చుకున్నాను.

ఆట చెప్పడం సులువే. ఇద్దరికీ చెరో ఇరవై ప్రాణాలు. ఎవరివి ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు. మన జీవులను దించి ఎదుటివాళ్ళ ప్రాణాలు తియ్యాలి. ఊరికే దిగవు. ప్రతి ముక్కకూ పై మూలన ఒక అంకె ఉంటుంది, అది దాని ఖర్చు. కింది మూలన అంకె దాని బలం. మొదటి వంతులో ఖర్చు పెట్టడానికి మనకు ఒకటే ఉంటుంది, రెండో వంతులో రెండు, అట్లా పెరుగుతూ పోతుంది. కాబట్టి ఆట మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఈ జీవి తన ఖర్చుకు తగిందా, కాదా?

ఈ ప్రశ్న మా ఇంటికి కొత్త కాదు. మా మామ బతుకంతా దాన్ని అడుగుతూనే గడిపాడు. ట్రాక్టర్లు రాకముందు చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు ఎడ్లు కొనాలన్నా మామను వెంటబెట్టుకొని అంగడికి పోయేవారు. ఆదిలాబాద్ అడవుల దిక్కు, జైనూరు దాకా పోయి ఎడ్లను తోలుకొచ్చేవాడు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, తోక పట్టి గుంజేవాడు, ఒంటి మీద వెంట్రుకల సుడులు లెక్కపెట్టేవాడు. అంగట్లో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకొని, కింద వేళ్ళు పట్టి నొక్కి చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా బేరం ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎడ్లు లేవు, కొట్టంలో నా కుట్టుమిషను ఉంది. తువ్వాల మాత్రం మామ భుజం మీద అట్లనే ఉంది.

ముక్కలు చూసి మామ అడిగిన మొదటి మాట "దీనికి మేతెంత?" అని. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఖర్చు అనే మాట పోయింది, మేత అనే మాట నిలిచింది. రెండు మేతల కప్ప, ఐదు మేతల పాము, ఇట్లా.

మామ పరీక్ష మొదలుపెట్టాడు. మూడు తలల కుక్కకు నాలుగు మేతలు, బలం రెండు. "మూడు నోర్లు తింటయి, పని ఒక్కదాని అంత గూడ లేదు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. తీసెయ్" అన్నాడు. నిజమే, అది పనికిరాని ముక్కే. ఈ ముసలాయనకు ఆట వచ్చేసిందని మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. నిప్పు కక్కే కోడిపుంజుకు ఒకటే మేత, బలం మాత్రం రెండు. కట్ట మొత్తంలో అంత చవకైన జీవి లేదు. మామ దాన్ని పక్కకు తోశాడు.

"గడ్డివాము ఉన్న ఇంట్ల నిప్పుల కోడిని ఎవడన్న సాదుతడా?"

"మనకు గడ్డివాము యాడుంది మామా?"

"మేత అంటున్నం గద బిడ్డా. మేత యాడ పెడ్తరు?"

కోడిపుంజు డబ్బాలో పడింది. నోరు మూసుకొని ఉన్న ఏ జీవినీ ఆయన నమ్మడు. పళ్ళు కనబడకపోతే వయసెట్లా తెలుస్తుంది, ముసలిదాన్ని అంటగడుతున్నారు అంటాడు. అట్లా నావి ఎన్ని మంచి ముక్కలు నోరు మూసుకున్న పాపానికి డబ్బాలో పడ్డాయో.

సెలవు అయిపోయి మా ఆయన ఒక కట్ట తీసుకొని వెళ్ళిపోయాడు. ఒక కట్ట ఇక్కడ విడిచాడు. మా బిడ్డ బాసరలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో నేను, మామ, ముక్కలు. శుక్రవారం మస్కట్‌లో ఆయనకు సెలవు. ఫోన్‌ను కుట్టుమిషనుకు ఆనించి, మిషను బల్ల మీద నా ముక్కలు పరిచేదాన్ని. అక్కడ మంచం మీద ఆయన పరిచేవాడు. ప్రతి శుక్రవారం నేనే ఓడిపోయేదాన్ని. ఓడిపోవడం ఒక ఎత్తు, ఓడించాక ఆయన నవ్వే నవ్వు ఒక ఎత్తు.

అయినా ఆడేదాన్ని. ఎందుకంటే ఆయన లేని ఇంట్లో నాకు కోపం కూడా కుదురుగా రావడం లేదు. తిట్టాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. ఫోన్లో నాలుగు మాటలు గట్టిగా అనేసరికి "సిగ్నల్ లేదు, మళ్ళ చేస్త" అంటాడు. తిట్టు సగంలో ఆగిపోతే ఎంత పరేషానో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆట ఆడుతుంటే మాత్రం ఆయన ఫోన్ పెట్టడు. గెలవాలి కదా!

అట్లా ఉండగా కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమన్నారని చెప్పాడు. బట్టల సంగతి చెప్పినట్టు తేలిగ్గా చెప్పాడు. ఏడిస్తే సిగ్నల్ పోతుందని ఏడవలేదు.

"వచ్చే శుక్రారం ఆటల నేను గెలిస్తే సంతకం పెట్టొద్దు" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వు గెలుస్తవా? సరే, పెట్టను. నువ్వు ఓడితే?"

"మళ్ళ ఆ మాట ఎత్తను."

మామకు ఈ పందెం సంగతి చెప్పలేదు. చెబితే ఊరంతా తెలుస్తుంది. కట్ట బాగు చేద్దామని మాత్రమే చెప్పి, డబ్బాలో పడి ఉన్న ముక్కలన్నీ మళ్ళీ బల్ల మీద పోశాను. అందులో ఉంది ఆ గొడ్డు. ఏడు మేతలు. బలం ఎనిమిది. రాతి వీపు, ఇంత లావు కొమ్ములు, మెడ చూస్తే వడ్ల గుమ్మి. దిగిన వంతులో కదలదు, ఆ తర్వాతి వంతులో కదిలిందంటే ఎదుటివాడు లేడు. ఏడు మేతలు పోసినా ఏడుపు లేని గొడ్డు అది.

మామ కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. నోరు తెరిచే ఉంది, పళ్ళు నచ్చాయి. కొమ్ములు నచ్చాయి. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు.

"బిడ్డా, దీనికి వీపు నడుమ పాడెసుడి ఉన్నది."

బొమ్మ గీసినవాడు ఎవడో ఆ గొడ్డు వీపు మీద పొగ గీశాడు. పొగ చుట్టలు చుట్టుకొని ఉంది. పాడెసుడి అంటే మా దిక్కు ఎవరూ ఆ ఎద్దును ఊరికే ఇచ్చినా తోలుకుపోరు. దాన్ని కట్టుకున్న ఇంట్లో పాడె లేస్తుందంటారు.

"అది పొగ మామా."

"పొగైనా సుడి సుడే."

దాని బదులు ఒక కోడెను తీసి నా చేతిలో పెట్టాడు. రెండు మేతలు, బలం ఒకటి. దాని తోక బాగుందట. నేను తల ఊపి కోడెను కట్టలో పెట్టుకున్నాను. మామ బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోగానే గొడ్డును కూడా పెట్టుకున్నాను.

శుక్రవారం వచ్చింది. ఆట మొదటినుంచీ నాకు బాగా లేదు. ఆయన రెక్కల కప్ప వంతు వంతుకూ వచ్చి రెండేసి ప్రాణాలు పట్టుకుపోతోంది. నా దగ్గర మిగిలినవి నాలుగు. నేను కూడా ఊరికే లేను, కిందామీదా పడి ఆయనను ఏడుకు దించాను. కానీ నా పక్కన నిలబడింది తోక బాగున్న కోడె ఒక్కటే. అప్పుడు చేతికొచ్చింది గొడ్డు. దానికి చాలినన్ని మేతలున్నాయి. దించాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఎనిమిది బలం, ఆయనకున్నవి ఏడు ప్రాణాలు. నా తర్వాతి వంతు వస్తే అయిపోయినట్టే. కానీ ముందు ఆయన వంతు ఉంది. మెల్లగా ఒక ముక్క తీసి ఫోనుకు చూపించాడు. అది తోలుకుపోయే ముక్క. దానితో ఎదుటివాళ్ళ జీవి ఒకదాన్ని తన పక్కకు తోలుకుపోవచ్చు, తోలుకుపోయినది అప్పటికప్పుడే కదులుతుంది కూడా. నా గొడ్డుతోనే నన్ను పొడిపిస్తాడు. రెండేళ్ళు. ఇంకా రెండేళ్ళు. వెనక నుంచి ఫిలిప్పీన్స్ అతను ఇంగ్లీషులో "పెద్దది, పెద్దది" అని అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు మామ లోపలికి వచ్చి బల్ల చూశాడు. కొంప మునిగినట్టు ఫోను మీద పడ్డాడు.

"ఓరి కొడుకా! నీ పెండ్లాం పాడెసుడి గొడ్డును తెచ్చి ఇంట్ల కట్టిందిరా! వద్దన్న గొడ్డునే కట్టింది! దాన్ని కట్టుకున్నోని ఇల్లు నిలవదని జైనూరు అంగట్ల నీకు ఎన్నిసార్లు చెప్పిన!"

ఫోన్లో మా ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నిజంగనేనా బాపూ? మెడ మీదనా, వీపు మీదనా?"

"వీపు నడుమనే!"

"జర మంచిగ చూడు."

"నా కండ్లతోని చూసిన. కట్టొద్దు కొడుకా!"

ఎడ్ల అంగట్లో పెరిగిన మనిషి మా ఆయన. అక్కడ క్రేను నడుపుతాడు, సముద్రం దాటి ఉన్నాడు, ఇంగ్లీషు మాట్లాడతాడు. చేతిలో గెలుపు ఉంది. అయినా పాడెసుడి గొడ్డును తన పక్కకు తోలుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ముక్కను కింద పెట్టాడు, మళ్ళీ చేతిలోకి తీశాడు. ఫిలిప్పీన్స్ అతను తల పట్టుకున్నాడు.

"కోడెను ఇయ్యే" అన్నాడు మా ఆయన చివరికి.

ఇచ్చాను. కోడె నన్ను ఒకటి పొడిచింది, కప్ప రెండు పట్టుకుపోయింది. నాకు ఒక్క ప్రాణం మిగిలింది. ఒక్కటి చాలు. నా వంతు వచ్చింది, గొడ్డు కదిలింది.

నేను ఎగిరి గంతేశాను. మిషను మీది కత్తెర, దారపు ఉండలు, ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు అన్నీ కింద పడ్డాయి. ఆయన మాత్రం తన బాపును పట్టుకొని నానా మాటలూ అంటున్నాడు. "నువ్వు నోరు మూసుకుంటే ఏం పోయేది బాపూ! పొగను చూసి సుడి అంటవా! గెలిచే ఆట!" ఆ రోజు సిగ్నల్‌కు ఏ లోటూ రాలేదు.

మామకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడు పందెం సంగతి చెప్పాను. నేను గెలిచాను కాబట్టి నీ కొడుకు సంతకం పెట్టడు, ఇంటికి వస్తాడు అని. మామ కింద పడిన ముక్కల్లో వెతికి గొడ్డును తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి పోయి, కళ్ళద్దాలు తువ్వాలతో తుడుచుకొని, మళ్ళీ చూశాడు.

"బిడ్డా" అన్నాడు, "అద్దాలు లేక పొరపాటున చూసిన. గిది పాడెసుడి గాదు. లచ్మిసుడి."

మా ఆయన మాట తప్పలేదు. సంతకం పెట్టలేదు. ఎండలు ముదరకముందే ఒక పొద్దున ఆటో దిగాడు. ఈసారి చంకలో పూల దుప్పటి ఉంది, మోయలేనంత లావుది. మా ఎండాకాలానికి సరిగ్గా సరిపోయేది!

మామ ఆయనను వాకిట్లోనే నిలబెట్టాడు.

"నోరు తెరువురా."

"బాపూ!"

"తెరువుమంటున్న."

తెరిచాడు. మామ పళ్ళు చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. పొట్ట మీద వేలు పెట్టి నొక్కాడు. "మేత బాగనే మేసిండు. బలం తగ్గింది. ఒక పన్ను ఊడింది" అని నా దిక్కు తిరిగాడు. "ఏం బిడ్డా, కట్టుకుంటవా?"

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు మొగుడి పక్కన నిలబడాలంటేనే సిగ్గు, ముట్టుకోవడం అన్నది లేనే లేదు. ఆయన ఏడాదిన్నర తర్వాత వచ్చినా సరే, "నీళ్ళు తాగుతవా" అని దూరం నుంచి అడగాలి. అదే అడగబోయాను. మామ భుజం మీది తువ్వాల తీశాడు. నా చెయ్యి ముందుకు చాపమన్నాడు. ఆయన చెయ్యి దాని పక్కన పెట్టించాడు. రెండింటి మీద తువ్వాల కప్పి, అంగట్లో బేరగాడిలా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ధర మీరే చెప్పుకోండ్రి. నేను చూస్తలే."

తువ్వాల కింద ఆయన చెయ్యి మోటుగా, కాయలు కాసి ఉంది. ఒక వేలు పడితే ఒక ధర, రెండు పడితే ఒక ధర. నేను ఐదు వేళ్ళూ పట్టుకున్నాను. పట్టుకొని విడవలేదు.

మామ అటు తిరిగే అడిగాడు. "ఏమాయె బిడ్డా? బేరం తెగిందా?"

"ఇంకా తెగలే మామా" అన్నాను.